బురదలో కరిగిన ఖాతా పుస్తకం: ఒక కేస్ స్టడీ

నేను కర్నూలులో కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. ఇది ఒక కిరాణా వ్యాపారి కేసు. రాయడానికి ఆయన, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నారు, అచ్చులోకి పోకముందే చదివారు. వాళ్ళను ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, వీధి, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను.

"ఈ కాలంలో ఎవర్నీ నమ్మకూడదు మేడమ్" అనే మాట నా గదిలో వినపడని వారం ఉండదు. అనే ప్రతివాళ్ళూ దాన్ని అనుభవం మీద నేర్చుకున్న పాఠంగా చెప్తారు. దెబ్బతిన్న మనిషి చెప్తున్నాడు కాబట్టి నేనూ చాలా ఏళ్ళు కాదనలేకపోయాను. ఈ కేసు తర్వాత నా ఆలోచన మారింది. ఆ మాట నోట్లోంచి వచ్చిన రోజు నుంచే మనిషికి కొత్త అనుభవం రావడం ఆగిపోతుందని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎలా ఆగిపోతుందో ఈ వ్యాపారి ఖాతా పుస్తకాల్లో కళ్ళారా చూశాను.

వచ్చిన కారణం

2023 జూలై. ఆయన తనంతట తాను రాలేదు. బీపీ చూసే డాక్టరు "మాత్రలు పెంచుకుంటూ పోవడం కాదు, ఎవరితోనైనా మాట్లాడండి" అని పంపితే భార్య తీసుకొచ్చింది. వయసు 49. పాతబస్తీలో తండ్రి పెట్టిన కొట్టు. గదిలోకి రాగానే టేబుల్ మీదున్న నా ఫోను చూపించి "రికార్డింగ్ ఏమన్నా పెట్టినారా?" అని అడిగారు. ఫోను ఆపేసి ఆయన చూస్తుండగానే సొరుగులో పెట్టాను. సొరుగు మూసేదాకా కుర్చీలో కూర్చోలేదు.

రాత్రి రెండున్నరకు మెలకువ వస్తుంది. లేచి ఫోన్లో కొట్టు కెమెరాలు చూస్తారు. గల్లాపెట్టె రోజుకు మూడుసార్లు లెక్కపెడతారు. పదకొండేళ్ళుగా పనిచేస్తున్న గుమాస్తా ఇంటికి పోయేటప్పుడు అతని సంచి వెతకడం మొదలుపెట్టారు. మూడో రోజు అతను ఏమీ అనకుండా సంచి కౌంటరు మీదే వదిలేసి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. సొంత అన్నతో మాటలు లేవు. కూతురికి వచ్చిన మూడు సంబంధాలను "వాళ్ళ కన్ను మన ఇంటి మీద ఉంది" అని తిప్పి పంపేశారు. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు ఒకప్పుడు నెలకోసారి వచ్చేవాడు, ఇప్పుడు పండగకు కూడా ఏదో ఒక సాకు చెప్తున్నాడు.

వీటన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది ఆయన భార్య అన్న మాట. "కూరగాయలకు యాభై ఎక్కువ తీసుకున్నాననుకోండి, ఏంటికి అని అడగడు మేడమ్. అడిగితే చెప్తా కదా. అడగడు. రాసిపెట్టుకుంటాడు."

నేపథ్యం

ఆయనకొక స్నేహితుడు ఉండేవాడు. పదో తరగతి దాకా ఇద్దరిదీ ఒకే బెంచీ. ఆ స్నేహితుడు రిజిస్టర్ చేయని ప్రైవేటు చీటీ నడిపేవాడు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ నడపాలంటే ప్రభుత్వం దగ్గర ముందుగా అనుమతి తీసుకోవాలి, నమోదు చేయించాలి. ఈ సంగతి ఆయనకు అప్పుడే తెలుసు. "తెలిసే వేసినా మేడమ్. వాడు నన్ను మోసం చేస్తాడా అని."

2019లో ఆయన చీటీ పాడి ఎత్తుకున్నారు. రావాల్సిన ఐదు లక్షలు "రెండు నెలలు ఆగప్పా" అన్నాడు స్నేహితుడు. ఆ రెండు నెలల్లోనే అతను తీసుకున్న ఇంకో అప్పుకు ఈయన జామీను సంతకం కూడా పెట్టారు. తర్వాత ఒక ఉదయం ఆ ఇంటికి తాళం వేసి ఉంది. కుటుంబం మొత్తం ఊరొదిలి పోయింది. చీటీ డబ్బు, జామీను కింద కట్టాల్సి వచ్చింది కలిపి ఎనిమిదిన్నర లక్షలు పోయాయి. మరుసటి ఏడాది లాక్‌డౌన్. దుకాణానికి సాయంత్రం బేరాలు లేవు, ఇంట్లో కూర్చుని అదే తలుచుకుంటూ గడిపారు. కొట్టు పూర్తిగా తెరిచిన రోజు గోడకు "అరువు అడగవద్దు" అని బోర్డు పెట్టారు. ఉన్న ఖాతాలన్నీ మూసేశారు.

మొదటి సెషన్‌లో ఆయన నాకొక సామెత చెప్పారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్లు. తర్వాత ఆరు నెలల్లో ఆ సామెత ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

అంచనా

మొదట తేల్చుకోవాల్సింది, ఇది జబ్బు స్థాయి అనుమానమా కాదా అని. డెల్యూజన్ అయితే, అంటే ఎంత రుజువు చూపినా వదలని తప్పుడు నమ్మకమైతే, మాటలతో చేసే వైద్యం ఒక్కటే సరిపోదు, సైకియాట్రిస్టు చేతిలో ఉండాల్సిన కేసు. ఆయన విషయంలో రెండు సంగతులు నాకు ధైర్యం ఇచ్చాయి. ఒకటి, ఏ ఒక్కరో తన మీద కుట్ర పన్నుతున్నారని ఆయన అనలేదు. లోకమంతా ఇంతే అన్నారు. రెండు, "మీ గుమాస్తా నిజంగా తీశాడంటారా?" అని అడిగితే చాలాసేపు ఊరుకుని "తీసి ఉండడులే" అన్నారు. తన అనుమానాన్ని తానే అనుమానించగలిగే మనిషి ఆయన. అయినా నిద్ర కోసం సైకియాట్రిస్టుకు చూపించాం. కొద్దివారాలు చిన్న మోతాదులో మందు వాడారు.

దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కు 13, ఆందోళనను కొలిచే జీఏడీ-7లో 21కి 15 వచ్చాయి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని సూటిగానే అడిగాను. 2020లో ఒక రాత్రి వచ్చిందని, కూతురు దగ్గి లేవడంతో అది పోయిందని చెప్పారు. ఆ తర్వాత రాలేదట. రాత్రివేళ ఎప్పుడైనా అలాంటి ఆలోచన వస్తే పిలవడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416ను భార్యాభర్తలిద్దరి ఫోన్లలో ఆ రోజే ఎక్కించాం.

మూడో సెషన్, నేను చేసిన పొరపాటు

చదివింది వెంటనే చెప్పేయాలనే తొందర నాకుంది. మూడో సెషన్‌లో ఆయనకు పర్సుల కథ చెప్పాను. 2019లో ఆలెన్ కోన్, ఆయన తోటి పరిశోధకులు 40 దేశాల్లోని 355 నగరాల్లో 17 వేలకు పైగా పర్సులను "ఇది దొరికింది" అని బ్యాంకుల్లో, హోటళ్ళలో, ఆఫీసుల్లో ఇచ్చి, ఎన్ని పర్సులు యజమానికి చేరతాయో చూశారు. మన దేశం కూడా అందులో ఉంది. డబ్బున్న పర్సులే తక్కువ వస్తాయని అందరూ అనుకుంటారు, ఆర్థికవేత్తలను అడిగినా సరిగ్గా ఊహించలేకపోయారు. జరిగింది వేరు. డబ్బు లేని పర్సుల విషయంలో నూటికి 40 మంది యజమానికి కబురు పెడితే, డబ్బున్న పర్సుల విషయంలో 51 మంది పెట్టారు.

నాకు ఆ పరిశోధన చాలా ఇష్టం. ఇప్పటికీ చదివినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది. ఆయన మాత్రం విని, "పర్సు తిరిగిచ్చేవాడు వేరు మేడమ్, అప్పు తిరిగిచ్చేవాడు వేరు" అన్నారు. పైగా సగం పర్సులు రాలేదు కదా అని కూడా అన్నారు. ఆ రెండు మాటలూ న్యాయమైనవే. ఎవరి ఊరి లెక్కో తెచ్చి ఒకరి మనసు మార్చాలనుకోవడం తప్పు. గాయం ఆయనది, ఆధారమూ ఆయన జీవితంలోంచే రావాలి. ఆ సెషన్ నుంచి అర్ధగంట ముందే లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ వస్తారని నేను అనుకోలేదు.

వచ్చారు. ఏంటికొచ్చారని అడిగితే, "మీరు ఫోను సొరుగులో పెట్టినారు కదా" అన్నారు.

ఖాతాలు

నాలుగో సెషన్‌లో నేను అడిగింది ఒక్కటే. పాత ఖాతా పుస్తకాలు ఉన్నాయా? ఉన్నాయి. 2009 చివరి నుంచి 2020 దాకా, ఎర్ర అట్టవి, అటక మీద. వాటిని తెరవకముందే ఒక కాగితం మీద అంచనా రాయించాను. అరువు తీసుకున్న వందమందిలో ఎంతమంది ఎగ్గొట్టి ఉంటారు? ఆయన తడుముకోకుండా "నలభై" అని రాసి సంతకం కూడా పెట్టారు. ఆ సంతకం నేను అడగలేదు. వ్యాపారి అలవాటు.

లెక్క తీయడానికి రెండు వారాలు పట్టింది. కూతురు సాయం చేసింది. తండ్రీకూతుళ్ళు చాలా నెలల తర్వాత ఒక చోట కూర్చుని చేసిన పని అదేనట. మొత్తం 163 ఇళ్ళకు ఖాతాలు ఉండేవి. ఆటో నడిపేవాళ్ళు, బీడీలు చుట్టే ఇళ్ళు, ఇద్దరు ముగ్గురు టీచర్లు, మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల మూటలు మోసే హమాలీలు, ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్. ఏడాదికి పైగా నడిపించి నడిపించి చివరికి తీర్చినవాళ్ళు 19 మంది. అసలే ఇవ్వనివాళ్ళు ఏడుగురు. ఆ ఏడుగురి బాకీ అంతా కలిపితే 41 వేలు.

వందకు నలభై అనుకున్నచోట వందకు నలుగురైదుగురు.

ఆ కాగితాన్ని ఆయన చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. నేను మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయనే అన్నారు: "ఈ ఏడుగురూ కలిసి పదేండ్లలో తిన్నదానికి ఇరవై రెట్లు వాడొక్కడే తిన్నాడు." ఆ వాక్యం నా నోట్సులో కింద గీత గీసి ఉంది. చేసింది ఒక్కడు, శిక్ష పడింది 163 ఇళ్ళకు. ఆ లెక్క ఆయనే వేసుకున్నారు.

నలభై అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? దీని గురించి జర్మనీకి చెందిన డెట్లెఫ్ ఫెట్చెన్‌హవర్, అమెరికాకు చెందిన డేవిడ్ డన్నింగ్ 2010లో రాసిన ఒక వ్యాసం నా పనికి చాలా ఉపయోగపడింది. డబ్బు ఇచ్చి చూసే ఆటల్లో, అవతలివాళ్ళు ఎంతమంది నిజాయతీగా తిరిగిస్తారని అడిగితే జనం నిజానికంటే చాలా తక్కువగా ఊహిస్తారు. కారణం మనకు సమాచారం ఒక వైపు నుంచే రావడం అంటారు వాళ్ళు. నమ్మి ఇచ్చామనుకోండి, అవతలివాడు మోసం చేస్తే మనకు తెలుస్తుంది, మంచివాడైనా తెలుస్తుంది. నమ్మకుండా చెయ్యి ముడుచుకున్నామనుకోండి, అతను తిరిగి ఇచ్చి ఉండేవాడా లేదా అన్నది ఎప్పటికీ తెలియదు. కాబట్టి అతిగా నమ్మిన పొరపాటు ఎప్పుడో ఒకప్పుడు దిద్దుకుంటుంది. అతిగా అనుమానించిన పొరపాటు దిద్దుకునే దారే లేదు.

ఇది ఆయనకు చెప్పడానికి నాకు పుస్తకం అవసరం రాలేదు. 2020 తర్వాతి ఖాతా పుస్తకం తెమ్మన్నాను. ఖాళీ పుస్తకం తెచ్చారు. "మూడేండ్ల నుంచి జనం ఎట్లాంటోళ్ళో మీకు తెలిసిందేమైనా దీంట్లో ఉందా?" అని అడిగాను. తెల్లకాగితాలు అటూ ఇటూ తిప్పి, లేదన్నారు.

2009

మరి 2009కి ముందు పుస్తకాలు ఏవి? ఐదో సెషన్‌లో ఊరికే అడిగాను. సమాధానం ఆయన భార్య చెప్పింది.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచేశాయి. ఈ ఊళ్ళో ఉన్న మా వయసువాళ్ళకు ఆ గాంధీ జయంతిని మళ్ళీ గుర్తుచేయనక్కర్లేదు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మా ఇంటి మేడ మీద అప్పటిదాకా పేరు కూడా తెలియని నాలుగు కుటుంబాలు రెండు రాత్రులు పడుకున్నాయి. ఉన్న బియ్యం అంతా ఒకే గుండిగలో వండాం. ఆ కొట్టు ఉన్న వీధిలో నీళ్ళు పైకప్పు దాకా వచ్చాయి. నీళ్ళు దిగాక షట్టర్ ఎత్తితే మోకాలి లోతు బురద, అందులో ఉబ్బిన పప్పులు, పగిలిన నూనె డబ్బాలు. ఖాతా పుస్తకాలు ముట్టుకుంటే చేతిలో ముద్దలుగా విడిపోయాయి. ఎవరు ఎంత ఇవ్వాలో చెప్పే ఒక్క కాగితం మిగల్లేదు.

"అప్పుడు జనం వచ్చినారు మేడమ్," అంది ఆమె. "వాళ్ళ ఇండ్లు కూడా మునిగిపోయినాయి. అయినా వచ్చినారు. 'అన్నా, నాది ఎనిమిది నూర్లు ఉండె' అని ఒకాయన, 'నాది పదకొండు నూర్లా అరవై' అని ఒకామె. పుస్తకం లేదని అందరికీ తెలుసు. కొంతమంది నెలకు ఇంత అని ఇచ్చినారు. ఆ డబ్బుతోనే మళ్ళా సరుకు తెచ్చినాం. నీకు గుర్తు లేదా?"

ఆయనకు గుర్తుంది. కానీ ఆయన మొదట అన్నది, "రానోళ్ళు కూడా ఉన్నారు" అని. అదీ నిజమే. ఎంతమంది రాలేదో పుస్తకం లేదు కాబట్టి ఎవరూ చెప్పలేరు. అందుకే దాన్ని నేను రుజువుగా వాడుకోలేదు. ఇంకోటి అడిగాను. పద్నాలుగేళ్ళలో ఈ సంగతి ఎన్నిసార్లు ఎవరికైనా చెప్పారు? ఒక్కసారి కూడా చెప్పలేదన్నారు. చీటీ సంగతి? "వచ్చిన ప్రతి మనిషికీ చెప్పినా."

నా వృత్తిలో నేను నేర్చుకున్న వాటిలో ఇదొకటి. మోసం కథ అవుతుంది, నాలుగు నోళ్ళలో తిరుగుతుంది. నిజాయతీ మాత్రం చిల్లర లెక్కలా గల్లాపెట్టెలో పడి కలిసిపోతుంది. కథ ఉన్నదే గుర్తుంటుంది. ఆ వారం ఇంటిపనిగా ఆయనకు చెప్పింది, ఆ వరద తర్వాత వచ్చిన వాళ్ళ పేర్లు గుర్తొచ్చినంతవరకు రాయమని. 22 పేర్లు రాసుకొచ్చారు. అందులో నాలుగు పేర్లు తర్వాత తాను ఖాతా మూసేసిన ఇళ్ళవే. ఆ నాలుగింటి పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి ఉంది. దాని గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

స్నేహితుడు

ఏడో సెషన్ దాకా నేను అనుమానం గురించే మాట్లాడుతున్నాను. దాని కింద దుఃఖం ఉందని ఆలస్యంగా గ్రహించాను. ఒకరోజు చీటీ మొత్తం గురించి ఏదో అడగబోతే చేత్తో వారించారు. "డబ్బు కాదు మేడమ్. వాని బిడ్డ పెండ్లిలో నేను బంతిలో దగ్గరుండి వడ్డించినా. ఆ పొద్దు కూడా వానికి తెలుసు కదా, పోతానని." అని ఏడ్చారు. నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి అని భార్య తర్వాత చెప్పింది.

చనిపోతే దినాలు చేస్తాం, పదిమంది వచ్చి పలకరిస్తారు. బతికుండి మోసం చేసి పోయిన స్నేహితుడికి ఏం చేస్తాం? దానికొక తంతు లేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఆయనకు చెప్పింది, "నీకంత తెలివి లేదేంటప్పా" అని. సొంత అన్న కూడా అదే అన్నాడు. మాటలు ఆగింది అక్కడే. నష్టం కంటే ఆ సిగ్గు ఎక్కువగా కాల్చింది. నమ్మినవాడు వెర్రివాడు, మళ్ళీ వెర్రివాణ్ణి కాకూడదంటే ఎవర్నీ నమ్మకూడదు. ఆయన లోపల పనిచేస్తున్న సూత్రం ఇది.

ఈ సూత్రం ఆయన ఒక్కడిదే కాదు, మన సమాజమంతా దాన్ని గౌరవిస్తుంది. అన్నిట్లో లోపం వెతికేవాడు తెలివైనవాడని, మంచి చూసేవాడు అమాయకుడని అనుకుంటాం. ఓల్గా స్తావ్రోవా, డానియెల్ ఎలెబ్రాక్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 30 దేశాల్లో రెండు లక్షలమంది సమాచారం తీసి చూస్తే, లోకం మీద చెడు అభిప్రాయం ఉన్నవాళ్ళు తెలివితేటల పరీక్షల్లో సగటున తక్కువే తెచ్చుకున్నారు. జూలియన్ రోటర్ 1967లో నమ్మకాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశాడు. ఇతరులను నమ్మే స్వభావం ఉన్నంతమాత్రాన మనిషి సులభంగా మోసపోడని 1980లో ఆయనే రాశాడు. జపాన్‌కు చెందిన తోషియో యమగిషి ఇంకొంచెం ముందుకు వెళ్ళి, మనుషులను నమ్మేవాళ్ళే ఎదుటివాడిలో తేడా కనిపిస్తే త్వరగా పసిగడతారన్నాడు. నాకది సబబుగానే అనిపిస్తుంది. మనుషులతో కలిసి మెలిసి ఉండేవాడికే మనుషులు తెలుస్తారు.

ఈసారి పరిశోధనలు చెప్పడానికి నేను తొందరపడలేదు. ముందు ఆయన్ను ఒకటి అడిగాను. స్నేహితుణ్ణి నమ్మినప్పుడు ఏం చూసి నమ్మారు? చీటీ పుస్తకం అడిగారా, వేరే సభ్యులతో మాట్లాడారా, జామీను పెట్టేముందు ఆ అప్పు ఎంతో కాగితం చూశారా? ఏదీ చూడలేదు. ఇప్పుడు ఎవర్నీ నమ్మనప్పుడు ఏం చూస్తున్నారు? కాసేపు ఆలోచించి, "ఇప్పుడూ చూడటం లేదు" అన్నారు. అప్పుడు ఒకణ్ణి చూడకుండా నమ్మారు, ఇప్పుడు అందర్నీ చూడకుండా కాదంటున్నారు. ఈ రెండూ ఒకటేనన్నది ఆయనకు ఆ రోజు తట్టింది. మా పని అక్కడి నుంచి తేలికైంది.

మళ్ళీ ఖాతా తెరవడం

ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో ప్రయోగాలు ఉంటాయి. ముందు ఏం జరుగుతుందని అనుకుంటున్నారో రాయాలి, తర్వాత చేయాలి, ఏం జరిగిందో రాయాలి. వ్యాపారికి ఇది కొత్త కాదు. ఒక పేజీని మూడు గడులుగా గీసి తానే పద్దు మొదలుపెట్టారు: అనుకున్నది, చేసింది, వచ్చింది.

గల్లా లెక్క మూడు నుంచి ఒకటికి తగ్గించడం మొదటిది. మొదటి వారం చేతులు వణికాయట. ఆ తర్వాత కెమెరా. గంటకు ఆరుసార్లు చూసేది, రోజుకు ఆరుసార్లు. కెమెరాలు తీసేయమని నేను చెప్పలేదు. పేమెంట్ వచ్చినట్టు దొంగ స్క్రీన్‌షాట్ చూపించి సరుకు పట్టుకుపోయేవాళ్ళు నిజంగానే ఉన్నారు, కాబట్టి సౌండ్ బాక్స్ పలికాకే సంచి ఇవ్వడం మంచి అలవాటు. అలాంటి జాగ్రత్తలను అనుమానం లెక్కలో వేసి పీకేయడం నా దృష్టిలో తప్పు.

అన్నిటికంటే కష్టమైంది అరువు. దానికి మూడు షరతులు ఆయనే పెట్టుకున్నారు. పాత పుస్తకంలో సరిగ్గా నడిచిన ఇళ్ళకే ఇవ్వాలి, 1,500 దాటకూడదు, పోయినా రాత్రి నిద్రపట్టేంత మొత్తమే ఇవ్వాలి. మూడో షరతు నాకు బాగా నచ్చింది. తర్వాత వేరే కేసుల్లో కూడా నేను అదే మాట వాడుతున్నాను.

సెప్టెంబరులో 12 ఇళ్ళతో మొదలుపెట్టారు. అంచనా గడిలో "అయిదుగురు ఎగ్గొడతారు" అని రాశారు. పన్నెండులో అయిదంటే వందకు నలభై పైనే. మళ్ళీ ఆ పాత అంకెకే వచ్చారని గమనించండి, పుస్తకం చెప్పిన లెక్క కళ్ళ ముందు ఉన్నా సరే. లెక్క తెలియడం ఒకటి, ఒళ్ళు దాన్ని ఒప్పుకోవడం ఇంకొకటి.

పదకొండు ఇళ్ళు చెప్పిన తేదీకో, నాలుగు రోజులు అటూ ఇటూనో ఇచ్చాయి. రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్ గారు డబ్బులతో పాటు, "మూడేండ్లు యాడికి పోయినావు నాయనా, మేం ఏం తప్పు చేసినాం?" అని అడిగారట. ఆయన దగ్గర జవాబు లేకపోయింది.

పన్నెండోది

పన్నెండో ఇల్లు ఎగ్గొట్టింది.

అక్టోబరు చివర్లో ఫోన్ చేశారు. గొంతు మొదటి రోజు గొంతులా ఉంది. "చెప్పినా కదా మేడమ్, పుచ్చి బుర్రలే." బాకీ 2,700. రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేశారు. ఆ రోజే బోర్డు మళ్ళీ గోడకెక్కింది. నిజం చెప్పాలంటే నాకూ గుండె జారింది. ఇది జరగకుండా ఉంటే బాగుండు అని రోజూ అనుకుంటూ వచ్చాను, అదీ నా తప్పే. జరిగి తీరుతుందని ముందే చెప్పి సిద్ధం చేసి ఉండాల్సింది. పన్నెండులో ఒకటి పోవడం ఆయన సొంత పుస్తకం ప్రకారం వింతేమీ కాదు.

మర్నాడు పుస్తకం తెచ్చుకుని రమ్మన్నాను. ఆ పద్దు ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఆ ఇల్లు పాత ఖాతా కాదు. వీధిలోకి రెండు నెలల కింద అద్దెకు వచ్చినవాళ్ళు. 1,500 హద్దు కూడా దాటింది. ఎందుకని అడిగితే, ఆవిడ చిన్నపిల్లతో కౌంటరు దగ్గర నిలబడి ఉంటే లేదని చెప్పడానికి మొహమాటం వేసిందన్నారు. తన మూడు షరతుల్లో రెండు తానే దాటారు. ఆ సంగతి నేను చెప్పకముందే ఆయన వేలు పద్దు మీద ఆగిపోయింది.

"మిగతా పదకొండు మందికి ఈ రోజు ఏం చెప్తారు?" అని అడిగాను. బోర్డు చూసి వాళ్ళేమనుకుంటారో అప్పటిదాకా ఆయన ఆలోచించలేదు. సాయంత్రం బోర్డు తీసేశారు. మూడు రోజులు నిద్ర సరిగా పట్టలేదు, నాలుగో రోజు పట్టింది. 2019లో ఇదే దెబ్బకు నాలుగేళ్ళు పట్టింది. మోసపోకపోవడం ఎవరి చేతిలోనూ లేదు. మోసపోయాక ఎన్నాళ్ళకు మళ్ళీ తలుపు తెరుస్తామన్నదే ఈ కేసులో నేను చూసిన మార్పు.

ఫలితం

డిసెంబరు ఆఖరుకు 14 సెషన్లు పూర్తయ్యాయి. పీహెచ్‌క్యూ-9 13 నుంచి 6కు, జీఏడీ-7 15 నుంచి 7కు వచ్చాయి. బీపీ మాత్రలు అవే, కానీ పెంచాల్సిన పని పడలేదు. నిద్ర ఐదున్నర గంటలు, అది ఇంకా చాలదు.

కొన్ని బాగుపడలేదు. గుమాస్తా ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగారు. అతను టీ ఇచ్చాడు, మర్యాదగా మాట్లాడాడు, పనికి మాత్రం రానన్నాడు. వేరే చోట కుదురుకున్నాడు. "సంచి వెతికినప్పుడు నా కొడుకు చూసినాడు సార్" అన్నాడట. ఆ మాట ఆయన నాకు రెండుసార్లు చెప్పారు. కొన్ని అనుమానాల ఖరీదు తిరిగి వసూలు కాదు. అన్నతో రాకపోకలు మొదలయ్యాయి, ఆ పాత మాట గురించి మాత్రం ఇద్దరూ ఎత్తరు. కొడుకు సంక్రాంతికి వచ్చి నాలుగు రోజులు ఉన్నాడు. స్నేహితుడి జాడ ఈ రోజుకీ తెలియదు. ఈయన వెతకడం మానేశారు.

కూతురి సంబంధం విషయంలో ఒక మాట రాయాలి. కొత్తగా వచ్చిన సంబంధాన్ని ఆయన వెంటనే కాదనలేదు, వెంటనే ఔననలేదు. అబ్బాయి పనిచేసే చోటికి వెళ్ళి వాకబు చేశారు, వాళ్ళ వీధిలో ఇద్దరితో మాట్లాడారు, ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి అడిగారు, అమ్మాయిని కూడా. చీటీకి ముందు చేయాల్సిన పని అది. ఇప్పుడు చేస్తున్నారు.

ఆరు నెలల తర్వాత, 2024 జూన్‌లో, ఫాలో అప్‌కు వచ్చారు. దుకాణంలో కొత్త కుర్రాడు చేరి మూడు నెలలయింది. అంతకుముందు వారం భార్యాభర్తలిద్దరూ మంత్రాలయం పోయొచ్చారు, రాఘవేంద్రస్వామి దర్శనానికి. పొద్దున పోయి రాత్రికి వచ్చారు. కొట్టు మూయలేదు. తాళాలు కుర్రాడికి ఇచ్చి వెళ్ళారు.

"కెమెరా చూశారా?" అని అడిగాను.

"రెండుసార్లు చూసినా మేడమ్." కొంచెం ఆగి, "పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి" అన్నారు.

"సాయంత్రం?"

ఆయన భార్య వైపు చూశారు. "సాయంత్రం తుంగభద్ర ఒడ్డున కూర్చున్నాం," అంది ఆమె. "ఫోను నా సంచిలో ఉండె. అడగలేదు."